డ్రాగ్ షో కోసం రెండు రోజుల ప్రయాణం: నల్గొండ నుంచి ఏ ఊరు మేలు?

పానగల్ గట్టు | సోమవారం, రాత్రి 9.40

అందరికీ నమస్కారం. చాలాకాలంగా ఇక్కడ చదవడమే తప్ప రాసింది లేదు. మాది నల్గొండ. ఒక రక్తపరీక్షల ల్యాబులో పని. శనివారం సెలవు పెట్టుకోగలను కానీ సోమవారం పొద్దున ఎనిమిదిన్నరకల్లా సూది పట్టుకుని కూర్చోవాలి.

వేషం కట్టి పాటలకు ఆడే డ్రాగ్ షో ఒకటి కళ్లారా చూడాలని మా అక్కకు, నాకు ఎప్పటి నుంచో కోరిక. అమెరికాలో జరిగే పోటీలన్నీ ఫోనులో చూసేశాం. ఏ సీజనులో ఎవరు గెలిచారో మా అక్కను నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. ఎదురుగా కూర్చుని చూసింది మాత్రం ఒక్కటీ లేదు. వచ్చే నెల అక్క పుట్టినరోజు. నలుగురం వెళ్తాం: అక్క, బావ, నేను, నా స్నేహితుడు ఒకడు. బావది సగం మనసే. "మీ సంచులు మోయడానికి ఎవరో ఒకరు ఉండాలి కదా" అన్నాడు. మందు ముట్టడు. అక్కకు నడుము నొప్పి, ఎక్కువసేపు నిలబడలేదు. కుర్చీ ఉండాల్సిందే.

ప్రయాణం, గది, టికెట్టు, తిండి అన్నీ కలిపి తలా ఎనిమిది వేలు దాటకూడదు. మనసులో ఉన్నవి హైదరాబాద్, బెంగళూరు, ముంబై. వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి. ఇంకో చిక్కు కూడా ఉంది. అమ్మకు ఏమని చెప్పి బయల్దేరాలి?

సాగర్ గేట్లు | సోమవారం, రాత్రి 10.05

ముంబైని లెక్కలోంచి తీసేయండి. హైదరాబాద్ నుంచే ఏడు వందల కిలోమీటర్లు. శుక్రవారం పని ముగించుకుని హైదరాబాద్ చేరేసరికి తొమ్మిదవుతుంది. అక్కడ బస్సెక్కితే ముంబైలో దిగేది శనివారం మధ్యాహ్నం. ఆదివారం మధ్యాహ్నం మళ్లీ బస్సు. మీరు చూసేది షో కాదు, బస్సు సీటు వెనుక భాగం. విమానంలో గంటన్నర, కానీ ఆ ఎనిమిది వేల మాట మరిచిపోవాలి.

వయసు సంగతి కూడా చూసుకోండి. మద్యానికి మన దగ్గర 21 ఏళ్లు. మహారాష్ట్రలో, ఢిల్లీలో 25. మీరు తాగకపోయినా తలుపు దగ్గర కార్డు అడుగుతారు.

పానగల్ గట్టు | సోమవారం, రాత్రి 10.11

అందరం 25 దాటినవాళ్లమే అన్నా. అక్క ఎంత దాటిందో ఇక్కడ రాస్తే నన్ను ఇంట్లోకి రానివ్వదు.

జడ్చర్ల జంక్షన్ | సోమవారం, రాత్రి 11.20

నా ఓటు బెంగళూరుకు. రెండుసార్లు వెళ్లొచ్చాను, ఒకసారి బ్రహ్మాండం, ఒకసారి తలనొప్పి. రెండూ చెబుతాను.

అసలు మీరు ప్రశ్నను తలకిందులుగా అడిగారు తమ్ముడూ. ముందు ఊరు ఖాయం చేసుకుని, వెళ్లాక షో వెతుక్కుందాం అంటే కుదరదు. ఇదేమీ సినిమా హాలు కాదు, రోజుకు నాలుగు ఆటలు వేయడానికి. మన దేశంలో చాలా చోట్ల డ్రాగ్ రాత్రి అంటే నెలకో రెండు నెలలకో ఒకటి. కళాకారులు తమ ఇన్‌స్టాగ్రామ్ పేజీల్లో వారం పది రోజుల ముందు చెబుతారు. కాబట్టి కళాకారులను పట్టుకోండి, వాళ్లు ఏ తేదీన ఎక్కడ ఆడుతున్నారో చూడండి, ఊరు దానంతట అదే తేలుతుంది. బెంగళూరులో మాయ అనే వేదిక పేరుతో అలెక్స్ మాథ్యూ చాలా ఏళ్లుగా ఆడుతున్నారు. చీరలో వేదిక ఎక్కే మనిషి. వారి పేజీతో మొదలుపెడితే మిగతావాళ్లంతా ఒకరి వెనుక ఒకరు దొరుకుతారు.

స్టార్ హోటళ్ల క్లబ్బులు ఇంకో దారి. లలిత్ హోటళ్ల కిట్టీ సూ క్లబ్బు 2011లో ఢిల్లీలో మొదలైంది. డ్రాగ్‌కు అంత పెద్ద వేదిక ఇచ్చిన తొలి క్లబ్బుల్లో అదొకటి. ఆ సంస్థను నడిపే కేశవ్ సూరి, స్వలింగ సంబంధాలను నేరమన్న 377 సెక్షన్ కేసులో సుప్రీంకోర్టుకు వెళ్లినవారిలో ఒకరు. కానీ స్టార్ హోటలంటే అక్కడ నీళ్ల సీసా ధర చూసి మీ బావ సంచులు కింద పడేస్తాడు.

ఇక తలనొప్పి. మొదటిసారి ఒక ప్రైవేటు స్లీపర్ బస్సులో టికెట్టు తీసుకున్నాను. ఎక్కాల్సిన చోటు జడ్చర్ల ఫ్లైఓవర్ అని రాసి ఉంది. పైనా, కిందా? రాయలేదు. రాత్రి పదకొండున్నరకు నేను కింద నిలబడి ఉంటే బస్సు నా నెత్తి మీదుగా పోయింది. ఫోను చేస్తే డ్రైవరు "మీరు కనబడలేదండీ" అన్నాడు. వంతెన మీదుగా పోయేవాడికి కింద ఉన్నవాడు ఎలా కనబడతాడు? డబ్బులు ఇప్పటికీ తిరిగి రాలేదు. అందుకే రైలు. 2023 సెప్టెంబరులో మొదలైన కాచిగూడ–యశ్వంత్‌పూర్ వందేభారత్ మహబూబ్‌నగర్‌లో ఆగుతుంది. తెల్లవారుజామున కాచిగూడలో ఎక్కితే మధ్యాహ్నం రెండు ప్రాంతంలో బెంగళూరు. ఆదివారం మధ్యాహ్నం ఎక్కితే రాత్రి పదకొండుకు కాచిగూడ. వారంలో ఒక రోజు ఉండదు, తేదీ చూసుకోండి. రానూపోనూ తలా మూడు వేలు పైనే అవుతుంది.

నారాయణపేట చిన్నమ్మ | మంగళవారం, ఉదయం 6.15

నాకు అర్థం కాక అడుగుతున్నాను, కోపం వద్దు. ఈ డ్రాగ్ అంటే మగవాళ్లు ఆడవేషం కట్టి ఆడటమేనా? మా చిన్నప్పుడు ఊళ్లో వేసే ప్రతి ఆటలోనూ సీత, ద్రౌపది, తారామతి అందరూ మగవాళ్లే. బస్తా వేసుకుని ముందు వరుసలో కూర్చుని ఉచితంగా చూశాం. దానికి బెంగళూరు దాకా మూడు వేల రైలెక్కి పోవాలా?

చిరుతల సారు | మంగళవారం, ఉదయం 7.50

చిన్నమ్మ గారు అసలైన ప్రశ్న వేశారు. నేను దేవరకొండ దగ్గర బడిలో పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి. మా తాత చిరుతల రామాయణంలో సీత. ముప్పై ఏళ్లు వచ్చేదాకా సీతే. ఆ తరువాత బొజ్జ వచ్చి దశరథుడయ్యాడు.

మా నాయనమ్మ చెప్పేది. ఆట ఉన్న రోజు మధ్యాహ్నం నుంచే తాత ఎవరితోనూ మాట్లాడేవాడు కాదట. నున్నగా గడ్డం గీసుకుని, ముఖానికి అర్దళం పూసుకుని, ఆరిందాకా నోరు తెరవకుండా అరుగు మీద కూర్చునేవాడు. నవ్వితే పగుళ్లు వస్తాయి కదా. పిల్లలంతా ఆయన్ను నవ్వించడానికి చుట్టూ చేరేవారు. కట్టేది నాయనమ్మ పెళ్లి చీర. ఒకసారి అడవిలో సీత పరుగెత్తే ఘట్టంలో అది ముళ్లకంచెకు తగిలి బారెడు చిరిగిందట. "రావణుడు ఎత్తుకుపోయింది సీతను కాదు, నా చీరను" అని ఆవిడ చచ్చేదాకా దెప్పింది.

మన తెలుగు నాటకరంగంలో స్త్రీ పాత్రకు మారుపేరు స్థానం నరసింహారావు. 1956లో పద్మశ్రీ ఇచ్చారు. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణ శర్మ సత్యభామ వేషం కట్టి జడ విసిరితే ఆడవాళ్లే ఆ నడక నేర్చుకున్నారని చెప్పుకునేవారు. మన దగ్గర చిందు యక్షగానంలో లెక్క తిరగబడుతుంది. నిజామాబాద్ వైపు చిందుల ఎల్లమ్మ మగవేషాలకు పేరుపొందిన మనిషి.

అయినా చిన్నమ్మ గారూ, ఇది అదీ ఒకటే అని మాత్రం నేను అనను. మా తాత సీత వేషం కడితే చూసేవాళ్లు తాతను మరిచిపోవాలి. అది ఆయన గెలుపు. డ్రాగ్‌లో మరిచిపోవడం కుదరదు, మరిచిపోనివ్వరు. లోపల మగవాడు ఉన్నాడని తెలుస్తూనే ఉండాలి, తెలిసి కూడా కళ్లు మోసపోవాలి. మన పగటివేషాల్లో దానికి దగ్గరగా వచ్చేది అర్ధనారీశ్వర వేషం. ఒకే మనిషికి ఒక పక్క మీసం, పులితోలు, ఇంకో పక్క చీర, ముక్కుపుడక. చేతిలో ఒక గుడ్డ అడ్డం పెట్టుకుని శివుడు మాట్లాడేటప్పుడు పార్వతి వైపు కప్పుతాడు, పార్వతి మాట్లాడేటప్పుడు శివుడి వైపు కప్పుతాడు. గుడ్డ పక్కకు జరిగిన ఆ ఒక్క క్షణం ఉంటుందే, ఊరంతా గుప్పున ఊపిరి పీల్చేది. మూడు వేలు దానికి.

నారాయణపేట చిన్నమ్మ | మంగళవారం, ఉదయం 8.30

మా మక్తల్ సంతలో చూశాను సార్ ఆ వేషం. గాజులున్న చేయి, కడియం ఉన్న చేయి. సరే, ఇప్పుడు అర్థమైంది. బాబూ, మీ అమ్మకు అబద్ధం చెప్పకు. వేషాల ఆట చూడటానికి పోతున్నామని చెప్పు, నిజమే కదా.

నల్లమల గాలి | మంగళవారం, మధ్యాహ్నం 1.02

ఇలాంటివాటి వల్లే సంస్కృతి పాడైపోతోంది. విదేశీ పోకడలు మనకెందుకు?

చిరుతల సారు | మంగళవారం, మధ్యాహ్నం 1.30

మా తాత విదేశీ కాదు నాయనా. దేవరకొండ.

నిర్వాహకుడు | మంగళవారం, మధ్యాహ్నం 2.15

ఈ చర్చలో ఇప్పటికి రెండు వ్యాఖ్యలు తీసేశాను. ఒకటి తిట్టు. రెండోది తెలియక రాసినది కాబట్టి కారణం చెబుతాను. డ్రాగ్ అనేది ఒక ప్రదర్శన కళ. వేషం వేసి ఆడతారు, దింపేసి ఇంటికి వెళ్తారు. ట్రాన్స్‌జెండర్ అనేది ఒక మనిషి ఉనికి. ఉనికిని వేషంలా విప్పి పెట్టడం కుదరదు. ట్రాన్స్ మహిళలు కొందరు డ్రాగ్ కూడా చేస్తారు, ఆడవాళ్లు మీసాలు పెట్టుకుని డ్రాగ్ కింగులుగా ఆడతారు. కానీ రెంటినీ కలిపేసి మాట్లాడవద్దు.

మిర్యాల మిల్లు | మంగళవారం, మధ్యాహ్నం 2.40

తీసేసింది నాదే. క్షమించండి. తమిళనాడులో విల్లుపురం వైపు కూవాగంలో చిత్తిర పౌర్ణమికి పెద్ద ఉత్సవం జరుగుతుంది, అక్కడికి వెళ్లమని రాశాను. నల్గొండ మీదుగా చెన్నై రైలుంది కదా అని.

నిర్వాహకుడు | మంగళవారం, మధ్యాహ్నం 2.55

క్షమాపణ అక్కర్లేదు. కూవాగం మొక్కు. ట్రాన్స్ మహిళలు కూత్తాండవర్‌ను, అంటే మహాభారతంలో అర్జునుడి కొడుకు అరవాన్‌ను పెళ్లాడి, తాళి కట్టించుకుని, మర్నాడు ఆయన మరణానికి గాజులు పగలగొట్టుకుని ఏడుస్తారు. అక్కడికి పుట్టినరోజు సరదాకు కెమెరా పట్టుకుని వెళ్తే బాగుండదు, అంతే. కేరళలో కొల్లం జిల్లా చవరలో మగవాళ్లు చీరలు కట్టి దీపాలు పట్టుకునే చమయవిళక్కు కూడా అలాంటిదే. దాన్ని చూడటానికి రానిస్తారు, కానీ షో కాదు.

గద్వాల అంచు | మంగళవారం, సాయంత్రం 6.45

అందరూ బెంగళూరు బెంగళూరు అంటున్నారు. వంద కిలోమీటర్లలో హైదరాబాద్ పెట్టుకుని మన ఊరి రాగం మనకు పనికిరాదన్నట్టు! పట్రుని శాస్త్రి గారు అక్కడే ఉంటారు. నాట్యం నేర్చి డ్రాగ్‌లోకి వచ్చిన కళాకారులు, పైగా తెలుగువారు. డ్రాగ్‌వంతి పేరుతో దేశంలోని డ్రాగ్ కళాకారులను ఒకచోట చేర్చే పని చేస్తున్నదీ వారే. బెంగళూరులో ఇంగ్లిషు జోకుకు మీ బావ పక్కవాళ్లను చూసి నవ్వాలి. తెలుగులో అయితే తనే నవ్వుతాడు. అది చిన్న తేడా కాదు.

అక్కకు కుర్చీ కావాలన్నారు. క్లబ్బులో కుర్చీ అంటే బల్ల బుక్ చేయాలి, బల్లంటే డబ్బు. నాటకాలు వేసే చోట ప్రదర్శన ఉంటే అందరికీ కుర్చీలే, లేదా నేల మీద చాప. బంజారాహిల్స్‌లో లామకాన్ 2010 నుంచి నడుస్తోంది. మద్యం ఉండదు, చాయ్, సమోసా. అలాంటి వేదికల కార్యక్రమాల పట్టిక మీద ఒక కన్నేసి ఉంచండి. ఇక నల్గొండ నుంచి ఎక్స్‌ప్రెస్ బస్సులో అక్కకు జీరో టికెట్టు, ఆడవాళ్లకు ఉచితం కదా. ఆధార్ మరిచిపోవద్దు.

వకీలు గుమాస్తా | మంగళవారం, రాత్రి 8.10

హైదరాబాద్ మాట వచ్చింది కాబట్టి ఒకటి చెబుతాను. మా మహబూబ్‌నగర్ కోర్టులో టీ తాగుతూ చెప్పుకునే సంగతి ఇది. నిజాం కాలంలో, 1329 ఫసలీలో, అంటే 1919లో ఒక చట్టం చేశారు. హిజ్రాల పేర్లు రిజిస్టరులో రాసి ఉంచాలి. వాళ్లు ఆడ దుస్తుల్లో, నగలతో వీధిలో కనబడినా, నలుగురిలో పాడినా ఆడినా వారెంటు లేకుండా పట్టుకుపోవచ్చు. రాజ్యం పోయింది, ఫసలీ లెక్క పోయింది, ఈ చట్టం మాత్రం కాగితాల్లో బతికే ఉంది. 2023 జులైలో తెలంగాణ హైకోర్టు రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. అంటే 377 మీద సుప్రీంకోర్టు తీర్పు వచ్చిన 2018 సెప్టెంబరు తరువాత కూడా దాదాపు అయిదేళ్లు.

ఊరి సలహా నా దగ్గర లేదు. నాకు పది దాటితే నిద్ర.

పేరు చెప్పను | మంగళవారం, రాత్రి 11.48

గద్వాల అంచు గారు చెప్పినవన్నీ నిజమే. అయినా కొందరికి హైదరాబాద్ దగ్గరగా ఉండటమే ఇబ్బంది. మా మామయ్యకు ఆ ఊళ్లో లేని స్నేహితుడు లేడు. ఏ సందులో నిలబడినా ఎవరో ఒకరు వచ్చి "నువ్వు ఫలానావాళ్ల అబ్బాయివి కదూ" అంటారు.

నేను మొదటిసారి చూసింది బెంగళూరులో. ఆ రాత్రి నేను కూడా కాస్త కాటుక పెట్టుకున్నాను, అంతే, ఇంకేమీ లేదు. షో అయ్యాక నేరుగా బస్సు దగ్గరకు వెళ్లాలి. ఆటోలో రుమాలుతో తుడిచాను, పోలేదు. బస్సులో పక్క సీటు పెద్దాయన తలకు రాసుకునే కొబ్బరినూనె సీసా ఇచ్చాడు, ఎందుకని అడగలేదు. జడ్చర్లలో దిగేసరికి పోయిందనే అనుకున్నాను. ఇంట్లో అమ్మ చాయ్ ఇస్తూ చూసి "కళ్లు అలా ఉన్నాయేం, దుమ్ము పడిందా?" అంది. అవునన్నాను.

కాబట్టి పానగల్ గట్టు గారూ, మీతో వచ్చే స్నేహితుణ్ణి కూడా ఒకసారి అడగండి, ఏ ఊరైతే తనకు హాయిగా ఉంటుందని. అందరి సంగతీ రాశారు. అతని సంగతి ఒక్క మాట కూడా రాయలేదు.

పానగల్ గట్టు | బుధవారం, ఉదయం 7.05

నిజమే. రాయలేదు. ఈ సాయంత్రం అడుగుతాను.

డల్లాస్ దేవరకొండ | బుధవారం, ఉదయం 9.30

ఇక్కడ నుంచి నా రెండు మాటలు. డల్లాస్‌లో ఓక్ లాన్ పేటలో సీడర్ స్ప్రింగ్స్ రోడ్డు అని ఒక వీధి ఉంది. అక్కడి రోజ్ రూమ్‌లో డ్రాగ్ చూస్తాను. ఇక్కడ అలవాటేమిటంటే ఒక డాలరు నోట్ల కట్ట తీసుకుని వెళ్లాలి. కళాకారిణి దగ్గరకు వచ్చినప్పుడు చేతికి అందించాలి. విసరకూడదు, తాకకూడదు. మొదటిసారి నేను ఇరవై డాలర్ల నోటు ఇచ్చి చిల్లర కోసం చేయి చాపాను. ఆమె ఆ చేతిని పట్టుకుని ముద్దు పెట్టి వెళ్లిపోయింది. హాలంతా నవ్వింది. పందొమ్మిది డాలర్లు.

ఇక్కడ ఆదివారం మధ్యాహ్నం భోజనంతో కలిపి కూడా డ్రాగ్ వేస్తారు. కుటుంబాలు వస్తాయి. మీ అక్కకు అదే సరిపోయేది. బెంగళూరులో అలాంటి పగటి ప్రదర్శన ఎప్పుడైనా ఉందేమో అడగండి.

సారూ, మీరు నాకు ఎనిమిదో తరగతి లెక్కలు చెప్పారని అనుమానం. ఇరవైలోంచి పందొమ్మిది పోయిన సంగతి అందుకే రాశాను.

చిరుతల సారు | బుధవారం, ఉదయం 10.00

నేను తెలుగు చెప్పాను. లెక్కలు చెప్పినవాడి తప్పు నాకు అంటగట్టకు.

సాగర్ గేట్లు | బుధవారం, ఉదయం 11.15

తేదీలో వెసులుబాటు ఉంటే నవంబరు చూడండి. బెంగళూరులో స్వలింగప్రియులు, ట్రాన్స్‌జెండర్లు కలిసి చేసే నమ్మ ప్రైడ్ నడక ఆ నెలలోనే జరుగుతూ వస్తోంది. దాని చుట్టూ నాటకాలు, డ్రాగ్ ప్రదర్శనలు నాలుగైదు ఒకేసారి దొరుకుతాయి. హైదరాబాద్‌లో అలాంటిదే స్వాభిమాన యాత్ర, 2013లో మొదలైంది. దాని తేదీ కూడా కనుక్కోండి.

పానగల్ గట్టు | గురువారం, రాత్రి 9.20

అక్క పుట్టినరోజును నవంబరుకు జరపలేం అన్నా, అడిగి చూశాను, ఒప్పుకోలేదు.

నిన్న సాయంత్రం క్లాక్ టవర్ దగ్గర చాయ్ తాగుతూ స్నేహితుణ్ణి అడిగాను. చాలాసేపు గ్లాసు తిప్పుతూ కూర్చున్నాడు. "బెంగళూరు అయితే నీలం చొక్కా వేసుకుంటాను, హైదరాబాద్ అయితే తెల్లది" అన్నాడు. ఆ నీలం చొక్కా నేను చూశాను. మెడ దగ్గర చెమ్కీలుంటాయి. కొని రెండేళ్లయింది, ఇప్పటిదాకా బీరువా దాటలేదు.

కాబట్టి బెంగళూరు. జడ్చర్ల అన్న చెప్పినట్టే ముందు కళాకారుల పేజీలు వెతికాం. వచ్చే నెల రెండో శనివారం ఒక క్లబ్బులో ముగ్గురు ఆడుతున్నారు. ఫోను చేసి కుర్చీలతో బల్ల అడిగాం. తలా వెయ్యి, అందులో తిండికి కొంత మినహాయిస్తారట. గుంపంతా మగవాళ్లయితే రానివ్వరని కూడా చెప్పారు. అక్క ఉంది కాబట్టి గట్టెక్కాం. శుక్రవారం రాత్రి దిల్‌సుఖ్‌నగర్‌లో బావ వాళ్ల తమ్ముడింట్లో పడుకుని తెల్లవారుజామున కాచిగూడ. గది యశ్వంత్‌పూర్ స్టేషను దగ్గరే, నలుగురికి రెండు. మొత్తం తలా ఏడు వేల మూడు వందల దగ్గర ఆగింది.

అమ్మకు చిన్నమ్మ చెప్పినట్టే చెప్పాను. వేషాల ఆట అనగానే "తెల్లారేదాకా ఉంటుందా? దుప్పటి పెట్టుకోండి, చలికి అక్క నడుము పట్టేస్తుంది" అంది. దుప్పటి నిజంగానే సంచిలో పెట్టేసింది. బావ మోస్తాడు.

పానగల్ గట్టు | నెల తరువాత, సోమవారం, రాత్రి 8.30

వెళ్లొచ్చాం. రాత్రి రెండింటికి నల్గొండ చేరి, పొద్దున ఎనిమిదిన్నరకు కూర్చున్నాను. ఒకాయన చేతికి నరం దొరక్క రెండుసార్లు గుచ్చాను, ఆ పాపం ఈ షోదే.

ముందు బాగోలేనివి. తొమ్మిదికన్నారు, పదీ ముప్పావుకు మొదలైంది. బల్ల ఇచ్చారు గానీ స్తంభం వెనుక. అడిగితే "కుర్చీ అడిగారు, కనబడే కుర్చీ అని అడగలేదు" అన్న ధోరణి. చివరకు ఇంకో బల్లవాళ్లు తమ పక్కన చోటిచ్చారు. శబ్దానికి చెవులు ఇప్పటికీ గుయ్యిమంటున్నాయి. మధ్య విరామాలు తీసేస్తే ముగ్గురి ఆట కలిపి గంట కూడా లేదు. బెంగళూరులో ఒంటి గంటకు మూసేయాలి కాబట్టి చివరి పాట హడావిడిగా తెంపేశారు.

ఇప్పుడు బాగున్నది. మొదటి ఆవిడ వెండి గౌనులో వచ్చింది, ఇంగ్లిషు పాట, ఫోనులో చూసినట్టే ఉంది. రెండో ఆవిడ వచ్చేటప్పటికి పాత హిందీ పాట, వెలుతురు తగ్గించారు. చీర కట్టుకుని వెనక్కి తిరిగి నిలబడి ఉంది. కొంగు కనబడగానే అక్క నా మోచేయి గిల్లి "గద్వాల!" అంది. ఒళ్లు నూలు, అంచు పట్టు, రెండూ కలిసే చోట ఆ కుట్టు గీత. ఇటు తిరిగింది. మూడు అడుగుల దూరంలో చూస్తే విగ్గు అంచు కింద చెమట సన్నగా కారుతోంది, పౌడరు కింద గడ్డం నీలంగా తెలుస్తోంది. అయినా ఆ చేయి ఎత్తి కొంగు సర్దుకున్న తీరుకు మా అందరికీ మాట రాలేదు. సారు చెప్పిన గుడ్డ జరిగే క్షణం ఇదేననుకున్నాను.

పాట మధ్యలో పుట్టినరోజు ఎవరిదని అడిగింది. బావే చేయెత్తి "మా ఆవిడది" అన్నాడు, అంత గట్టిగా ఆయన మాట్లాడగా నేను వినలేదు. ఆవిడ వచ్చి ఎత్తు మడమల చెప్పు ఒకటి విప్పి, పట్టుకోమని బావ చేతికిచ్చి, ఒంటి చెప్పుతో అక్క చుట్టూ ఆడింది. పాట అయ్యేదాకా బావ ఆ చెప్పును రెండు చేతులతో, గుళ్లో పళ్లెం పట్టుకున్నట్టు పట్టుకుని నిలబడ్డాడు. నోట్ల గొడవ లేదు, బల్ల మీద క్యూఆర్ కోడ్ పెట్టారు. బావ అయిదు వందలు పంపాడు. ఇంటికి వచ్చాక అడిగితే రెండు వందలే అన్నాడు, కానీ నేను ఫోను చూశాను.

స్నేహితుడు నీలం చొక్కా వేసుకున్నాడు. తిరుగు రైల్లో కూడా మార్చుకోలేదు. కాచిగూడలో దిగేముందు మాత్రం పైన స్వెటర్ వేసుకున్నాడు.

గద్వాల అంచు | సోమవారం, రాత్రి 8.52

బెంగళూరు వేదిక మీద మా గద్వాల చీరా! హైదరాబాద్ కాదన్న కోపం సగం తగ్గింది. రంగు ఏమిటి?

పానగల్ గట్టు | సోమవారం, రాత్రి 8.58

నెమలి మెడ రంగు, ఎర్ర అంచు.

పేరు చెప్పను | సోమవారం, రాత్రి 9.10

స్నేహితుడికి చెప్పండి, చెమ్కీ చొక్కాను తిరగేసి ఉతకాలి.

నారాయణపేట చిన్నమ్మ | మంగళవారం, ఉదయం 6.05

అన్నీ రాశావు, అసలుది రాయలేదు. ఒంటి చెప్పుతో గిరగిరా తిరిగితే కుచ్చిళ్లు జారలేదా?

పానగల్ గట్టు | మంగళవారం, ఉదయం 7.20

అక్క అదే అడిగింది చిన్నమ్మా, షో అయ్యాక మెట్ల దగ్గర పట్టుకుని. లంగా నాడా కాదట, తోలు బెల్టు. దాని మీద కుచ్చిళ్లు. మొత్తం పదకొండు పిన్నులు. అక్క ముందే లెక్కపెట్టింది.

నారాయణపేట చిన్నమ్మ | మంగళవారం, ఉదయం 7.31

పదకొండా! నాకు మూడు చాలు. మళ్లీ ఎప్పుడైనా హైదరాబాద్‌లో పగటిపూట, కుర్చీలు వేసి ఆడితే చెప్పు. వచ్చి ఆ అమ్మాయికి కట్టడం చూపిస్తాను.